ఎమ్మెస్సీయా, ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీయా? చెన్నైయా, బెంగళూరా?

మొన్న మే నెలలో మా పిన్ని కొడుకు నరసరావుపేట నుంచి ఫోన్ చేసి, "అక్కా, రెండూ వచ్చాయి, ఏది తీసుకోమంటావ్?" అన్నాడు. బీఎస్సీ కెమిస్ట్రీ వాడిది. ఎమ్మెస్సీ సీట్లకి ఐఐటీలు పెట్టే జామ్ రాశాడు, ర్యాంకు బాగా వచ్చింది. ఆ ర్యాంకు మీదే చెన్నైలో ఐఐటీ మద్రాస్ వాళ్ల రెండేళ్ల ఎమ్మెస్సీ సీటు, దాంతోపాటు ఇంటర్వ్యూ కూడా గట్టెక్కి బెంగళూరులో ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వాళ్ల ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ సీటు. పిన్నికేమో చెన్నై దగ్గర, పినాకిని రైలెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటాడని. బాబాయి మాత్రం "రెండిట్లో ఏది పెద్దది?" అని ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు.

నేను చెన్నైలో ఎమ్మెస్సీ, బెంగళూరులో పీహెచ్‌డీ చేసి ఇప్పుడు యశ్వంత్‌పూర్ దగ్గరే కాపురం ఉంటున్నాను కాబట్టి చుట్టాల్లో ఈ తరహా ఫోన్లన్నీ నాకే వస్తాయి. వాడికి గంటన్నర చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, వాడికి అక్కర్లేని ఆర్ట్స్ సంగతులు కూడా కలిపి.

బాబాయి ప్రశ్న ముందు తేల్చేద్దాం. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ఓవరాల్ జాబితాకి 2019 నుంచి ఐఐటీ మద్రాసే మొదటిది, యూనివర్సిటీల జాబితాకి 2016 నుంచి ఐఐఎస్సీ మొదటిది. అంటే రెండూ ఫస్టే, బాబాయి ఎవరికైనా గొప్పగా చెప్పుకోవచ్చు. కానీ ఆ ర్యాంకు మొత్తం సంస్థది. మీరు ఐదారేళ్లు బతకబోయేది ఒక ల్యాబ్‌లో, ఒక గైడ్ దగ్గర, నలుగురైదుగురు సీనియర్ల మధ్య. ఆ నాలుగు గోడల ర్యాంకు ఏ జాబితాలోనూ ఉండదు.

అసలు తేడా కోర్సులో ఉంది, ఊళ్లో కాదు. ఎమ్మెస్సీ అంటే రెండేళ్ల చదువు, చివర్లో ఒక ప్రాజెక్టు, ఆ తర్వాత మీ దారి మీది. ఉద్యోగానికి పోవచ్చు, బీఈడీ చేసి లెక్చరర్ పోస్టులకి కూర్చోవచ్చు, విదేశాలకి అప్లై చేయొచ్చు, నెట్ (రీసెర్చి ఫెలోషిప్‌కీ లెక్చరర్ అర్హతకీ పెట్టే జాతీయ పరీక్ష) రాసి ఇంకెక్కడైనా పీహెచ్‌డీలో చేరొచ్చు. ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ అంటే బీఎస్సీ అవగానే నేరుగా రీసెర్చి రైలెక్కేయడం. మొదటి ఏడాదీ రెండో ఏడాదీ క్లాసులుంటాయి, మధ్యలో రెండు మూడు ల్యాబుల్లో కొన్నాళ్లు పనిచేసి చూసే వీలు చాలా విభాగాల్లో ఉంటుంది, ఫెలోషిప్ కూడా మొదటి నుంచే వస్తుంది, తర్వాత గైడ్‌ని ఎంచుకుని థీసిస్‌లోకి దిగుతారు. ఎంత లేదన్నా ఆరేడేళ్లు. మధ్యలో మనసు విరిగితే మాస్టర్స్ డిగ్రీ తీసుకుని దిగిపోయే స్టేషన్ కూడా సాధారణంగా ఉంటుంది కానీ అది ఎప్పుడు, ఏ షరతుల మీద అన్నది చేరకముందే రూల్సు పుస్తకంలో చదువుకోండి, చేరాక చదివితే ప్రతి రూలూ శిక్షలాగే కనిపిస్తుంది.

మరి ఎవరికేది? నా లెక్క ఒకటుంది. సమ్మర్‌లో కనీసం రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో పనిచేసి, ఒకే ప్రయోగం పదిసార్లు ఫెయిలయినా పదకొండోసారి చేయాలనిపించిన వాళ్లకి ఇంటిగ్రేటెడ్. అలాంటిది ఎప్పుడూ చూడని వాళ్లకి ఎమ్మెస్సీ. మన డిగ్రీ కాలేజీల్లో ప్రాక్టికల్స్ అంటే ఏమిటో మనకి తెలుసు కదా, రికార్డు బుక్కులో రీడింగులు ముందే ఉంటాయి, ఆ రీడింగు రావడానికి బ్యూరెట్‌ని బతిమాలుకోవడమే మన పని. ఆ అనుభవంతో "నాకు రీసెర్చి ఇష్టం" అనుకోవడం పెళ్లిచూపుల ఫొటో చూసి సంసారం బావుంటుందనుకోవడం లాంటిది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా ఇచ్చే సమ్మర్ రీసెర్చి ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు, స్టైపెండ్‌తో. బీఎస్సీ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ముందు దానికి అప్లై చేయండి. మా వాడు అలాగే హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రెండు నెలలు గడిపాడు, మొదటి నెలంతా గాజు సామాను కడిగించారట. అయినా మళ్లీ వెళ్తానన్నాడు. సరే, ఆ పరీక్ష పాసయ్యాడు.

ఇక గైడ్ సంగతి.

నాకు జరిగింది చెబుతాను, ఏ సంస్థో మాత్రం రాయను. నా పీహెచ్‌డీ మూడో ఏడాది మధ్యలో మా గైడ్‌కి వేరే రాష్ట్రంలో మంచి పోస్టు వచ్చింది. ఆయన తప్పేం లేదు, ఎవరికైనా వస్తే వెళ్తారు. కానీ ఆయన దగ్గరున్న మా ముగ్గురు స్టూడెంట్లకీ ఆ కబురు తెలిసింది ఆయన నోటితో కాదు, సామాను లారీ కొటేషన్ ప్రింటర్ మీద మర్చిపోతే. ఒక శుక్రవారం మధ్యాహ్నం మైనస్ 80 ఫ్రీజర్ ఖాళీ చేశాం. రెండున్నరేళ్లుగా దాచుకున్న శాంపిల్ ట్యూబులు, వేలి చివరంత ఉంటాయి, ఒక్కోదాని మీద నా చేతిరాతతో నంబరు, తేదీ. థర్మోకోల్ పెట్టెల్లో డ్రై ఐస్ పోసి సర్దుతుంటే పైన మంచు కరిగి మార్కర్ ఇంకు కారిపోయింది, ఏది ఏదో తెలియని ట్యూబులు నూటికి పైనే మిగిలాయి. వాటిని పారేయడానికి చేతులు రాలేదు, అలాగని పనికొచ్చేవీ కావు. ఆయనతో వెళ్లాలా, ఇక్కడే ఉండి ఇంకో గైడ్‌ని వెతుక్కోవాలా అన్న దాంట్లోనే ఆరు నెలలు, కొత్త గైడ్ దగ్గర కొత్త టాపిక్‌తో కుదురుకోవడానికి ఇంకో ఎనిమిది. మొత్తం పద్నాలుగు నెలలు నా థీసిస్‌లో ఎక్కడా కనిపించవు.

అందుకే ఎవరు అడిగినా నేను ముందు గైడ్ వయసు, సర్వీసు అడుగుతాను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం రిటైర్మెంటుకి మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లని తీసుకోకూడదు. ప్రొఫెసర్‌కి ఎనిమిది మంది, అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురు అని పరిమితి కూడా ఉంది. ఐఐటీలకి ఇవి నేరుగా వర్తించవు, వాళ్ల సెనేట్ రూల్సు వాళ్లవి, అయినా లెక్క వేసుకోవడానికి పనికొస్తాయి. పెద్దపేరున్న సీనియర్ ప్రొఫెసర్ దగ్గర చేరితే ఆయన సంతకం ఎక్కడైనా చెల్లుతుంది కానీ నెలకోసారి కనిపిస్తే గొప్ప. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర చేరితే రోజూ పక్కనే కూర్చుని నేర్పిస్తారు, కానీ ల్యాబ్ నిలబడేదాకా మీరే మేస్త్రీ, మీరే కూలీ. నన్నడిగితే మధ్యస్థంగా, కనీసం ఇద్దరు ముగ్గురు స్టూడెంట్లకి పట్టా ఇప్పించి ఇంకా పదేళ్లకి పైగా సర్వీసు ఉన్నవాళ్లు మేలు.

గైడ్ల గురించి వెబ్‌సైట్‌లో పెద్దగా ఏమీ తెలియదు. ల్యాబ్ పేజీలో పాత విద్యార్థుల జాబితా ఉంటే చూడండి, ఎన్నేళ్లకి బయటపడ్డారో, ఇప్పుడు ఎక్కడున్నారో. జాబితానే లేదంటే అదీ ఒక సమాధానమే. ఆ తర్వాత నాలుగో ఏడాదో ఐదో ఏడాదో చదువుతున్న స్టూడెంటుని టీకి పిలిచి ఒక్కటే అడగండి: "మీరిచ్చిన డ్రాఫ్ట్ మీ గైడ్ ఎన్నాళ్లకి తిరిగిస్తారు?" మంచివారా, కోపిష్టివారా అని అడగొద్దు, దానికి ఎవరూ నిజం చెప్పరు. ఈ ప్రశ్నకి మాత్రం ఆలోచించకుండా చెప్పేస్తారు, లేదా చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఊళ్లు. సైన్స్ వాళ్లకి ఊరు ముఖ్యం కాదని అనను, ఒక కారణానికి ముఖ్యం. మీ ల్యాబ్ బెడిసికొడితే పక్కన ఇంకోటి ఉందా? బయాలజీకి ఆ విషయంలో బెంగళూరుదే పైచేయి. ఐఐఎస్సీ ఉంది, బళ్లారి రోడ్డు మీద జీకేవీకే క్యాంపస్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్, దాని పక్కనే మూలకణాల మీద పనిచేసే ఇన్‌స్టెమ్, అక్కణ్ణించి కాస్త దూరంలో జక్కూరులో ఇంకో పరిశోధన కేంద్రం జేఎన్‌సీఏఎస్‌ఆర్. ఒక యాంటీబాడీ అయిపోయిందని సాయంత్రం బండేసుకుని వెళ్లి ఇంకో ల్యాబ్ నుంచి అరువు తెచ్చుకున్న రోజులున్నాయి, చక్కెర అరువు తెచ్చుకున్నట్టు. నా టాపిక్ మారినప్పుడు నన్ను కాపాడింది కూడా ఈ ఇరుగుపొరుగే.

చెన్నై తక్కువదేం కాదు, ఈ మాట చెన్నై వాళ్లకి కోపమొస్తుందని అనడం లేదు. ప్రోటీన్ల ఆకృతి లెక్కకట్టడానికి బయాలజీ చదివిన ప్రతివాళ్లూ గీసే రామచంద్రన్ ప్లాట్ 1963లో మద్రాస్ యూనివర్సిటీలో పుట్టింది. జి.ఎన్. రామచంద్రన్ అంతకు ముందే, 1950లలో, చర్మంలో, ఎముకల్లో ఉండే ప్రోటీన్ కొల్లాజెన్ అణువు మూడు పేటల జడలా ఉంటుందని తేల్చింది కూడా అక్కడే, గిండీలో, పక్కనే ఉన్న తోళ్ల పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐ నుంచి నమూనాలు తెచ్చుకుని. అంటే అప్పట్లో చెన్నై ఇరుగుపొరుగు అలా పనికొచ్చింది. ఆ రామచంద్రనే 1970ల మొదట్లో బెంగళూరు వచ్చి ఐఐఎస్సీలో మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగం పెట్టారు. ఒకే మనిషికి రెండు ఊళ్లూ సరిపోయాయి, మనకెందుకు సరిపోవు?

గణితం, సిద్ధాంత భౌతికశాస్త్రం వాళ్లకైతే పోటీ సమానం, ఇంకా చెప్పాలంటే నాకు చెన్నై వైపే మొగ్గు. తరమణిలో ఐఎంఎస్‌సీ అనే గణితశాస్త్ర సంస్థ ఉంది, పాతవాళ్లు మ్యాట్‌సైన్స్ అంటారు. 1962లో దాన్ని పెట్టిన అల్లాడి రామకృష్ణన్, రాజ్యాంగ రచనా సంఘంలో పనిచేసిన మన నెల్లూరు జిల్లా అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి అబ్బాయే. ఓఎంఆర్ మీద సిరుసేరిలో సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్), గణితజ్ఞుడు సి.ఎస్. శేషాద్రి 1989లో మొదలుపెట్టింది. అక్కడ ఎమ్మెస్సీకి వాళ్ల సొంత ఎంట్రన్స్ రాయాలి, అది ఊరికే బట్టీపట్టి గట్టెక్కేది కాదు, రుజువులు రాయడం వచ్చుండాలి. బెంగళూరులో స్టాటిస్టిక్స్, గణితాలకి ఐఎస్‌ఐ మైసూరు రోడ్డు మీద, అవకలన సమీకరణాల వాళ్లకి యలహంకలో టీఐఎఫ్‌ఆర్ (ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్) వాళ్ల సెంటర్, ఫిజిక్స్ వాళ్లకి హెసరఘట్ట వైపు ఐసీటీఎస్, సదాశివనగర్‌లో రామన్ ఇన్‌స్టిట్యూట్, కోరమంగలలో ఖగోళ భౌతికశాస్త్రానికి ఐఐఏ. ఫిజిక్స్ పీహెచ్‌డీకి పెట్టే ఉమ్మడి ఎంట్రన్స్ జెస్ట్ ఒక్కటి రాస్తే వీటిలో చాలావాటికి ఇంటర్వ్యూ పిలుపు రావచ్చు కాబట్టి ఫిజిక్స్ వాళ్లు జామ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి.

ఒక చిన్న మాట. ఇలాంటి చోట్ల పట్టా మీద పేరు వేరే ఉంటుంది. ఐఎంఎస్‌సీలో చదివితే హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ పట్టా, ఎన్‌సీబీఎస్‌లో చదివితే టీఐఎఫ్‌ఆర్ పట్టా. దీనివల్ల నష్టం ఏమీ లేదు, పెళ్లిసంబంధాల్లో వివరించలేక నాలుగు నిమిషాలు పడుతుంది అంతే.

ఆర్ట్స్ వాళ్లకి లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ల్యాబ్ అంటే లైబ్రరీ, ఆర్కైవ్స్. అవి బీరువాలు కట్టుకుని మీ దగ్గరికి రావు. కోస్తా, రాయలసీమ చరిత్ర మీద, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడక ముందు కాలం మీద పని చేద్దామనుకుంటే చెన్నై తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రెవెన్యూ బోర్డు రికార్డులు, సెటిల్‌మెంట్ రిపోర్టులు, మన జిల్లాల కలెక్టర్లు రాసుకున్న ఉత్తరాలు. అదే ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ. ఇవి కాక ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం, ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ పోగుచేయించిన మన ఊళ్ల కైఫియత్తులు (ఊరి చరిత్రలు) తాటాకులతో సహా దాని ఖాతాలోవే. మా హాస్టల్లో పక్కగది అమ్మాయి గుంటూరు జిల్లా చెరువుల మీద థీసిస్ చేసేది. పొద్దున పదింటికి ఎగ్మూరు వెళ్లి ఇండెంట్ స్లిప్పు రాసిచ్చి, ఫైలు వచ్చేదాకా కూర్చుని, వచ్చాక ముట్టుకుంటే అంచులు పొడిపొడిగా రాలే కాగితాలని పెన్సిల్‌తో నోట్సు రాసుకునేది, సాయంత్రానికి జుట్టంతా గోధుమరంగు దుమ్ము. ఒక రోజు ఎగిరి గంతేస్తూ వచ్చింది. వాళ్ల తాతగారి ఊరి చెరువు మరమ్మతుకి ఎవరో రైతులు పెట్టుకున్న అర్జీ దొరికిందట, కింద వేలిముద్రలతో. అలాంటిది బెంగళూరులో కూర్చుంటే దొరకదు. నిజాం రాజ్యం మీద పని అయితే మాత్రం రెండు ఊళ్లూ వద్దు, హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కి వెళ్లండి.

తెలుగు సాహిత్యమే చదవాలంటే మద్రాస్ యూనివర్సిటీలో తెలుగు శాఖ ఉంది, బెంగళూరు యూనివర్సిటీలోనూ ఉంది. 1857లో మొదలైన మద్రాస్ యూనివర్సిటీకి పాత పుస్తకాల ఆస్తి ఎక్కువ, చెన్నైలో ఒకప్పుడు అచ్చయిన తెలుగు పత్రికలు, పుస్తకాల సంగతి చెప్పక్కర్లేదు. ఎకనామిక్స్, డెవలప్‌మెంట్ వైపు వాళ్లకి చెన్నై అడయారులో మిడ్స్ (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్), మాల్కం ఆదిశేషయ్య 1971లో పెట్టింది, పట్టా మద్రాస్ యూనివర్సిటీది. బెంగళూరు నాగరభావిలో అలాంటిదే ఐసెక్, వి.కె.ఆర్.వి. రావు 1972లో పెట్టింది. స్కూలు చదువుల మీద, పల్లెల్లో పని మీద మనసున్నవాళ్లకి సర్జాపూర్ వైపు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ మాస్టర్స్ కోర్సులు బావుంటాయి, అక్కడ ఫీల్డులోకి పంపిస్తారు, తరగతిగదిలో కూర్చుని పేదరికం మీద సిద్ధాంతాలు వల్లించడంతో సరిపెట్టరు. ఐఐటీ మద్రాస్‌లో కూడా హ్యుమానిటీస్ ఉంది, ఇంజనీర్ల పరీక్ష అనుకునే గేట్‌లో ఆర్ట్స్ వాళ్లకి పేపరు ఉందని మన డిగ్రీ కాలేజీల్లో చాలామందికి తెలియనే తెలియదు.

డబ్బు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చి ఫెలోషిప్) మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్) 42,000, హాస్టల్ దొరక్కపోతే ఇంటద్దె భత్యం అదనం. రెండు ఊళ్లూ అద్దె భత్యం ఎక్కువిచ్చే ఎక్స్ కేటగిరీ నగరాలే కాబట్టి ఆ భత్యంలో తేడా రాదు. క్యాంపస్ హాస్టల్ దొరికితే ఈ డబ్బుతో హాయిగా బతికి ఇంటికి కూడా కొంత పంపొచ్చు. బయట గది అంటే బెంగళూరులో అడ్వాన్సు కట్టేటప్పుడే కళ్లు తిరుగుతాయి. డబ్బులు ప్రతినెలా ఒకటో తారీఖున పడతాయని మాత్రం అనుకోకండి, రెండు మూడు నెలలవి ఒకేసారి పడటం మామూలే, అందుకని చేరేటప్పుడు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. ఆర్ట్స్ వాళ్లు రాష్ట్ర యూనివర్సిటీలో జేఆర్‌ఎఫ్ లేకుండా చేరేముందు ఒకటికి నాలుగుసార్లు ఆలోచించండి. ఇంకో ఆరు నెలలు ఆగి నెట్ మళ్లీ రాయడం నయం, ఏడాదికి రెండుసార్లు పెడతారు. ఇప్పుడు ఆ స్కోరే పీహెచ్‌డీ అడ్మిషన్లకీ పనికొస్తోంది, డెబ్బై శాతం స్కోరుకి, ముప్పై శాతం ఇంటర్వ్యూకి. 1913లో డిగ్రీ కూడా లేని రామానుజన్‌కి మద్రాస్ యూనివర్సిటీ నెలకి 75 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చింది. మనకి నెట్ కావాలి, కులం సర్టిఫికెట్ కావాలి, మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి, ఒకప్పుడైతే దాని మీద గెజిటెడ్ సంతకం కూడా కావాల్సి వచ్చేది.

తిండి, వాతావరణం గురించి పిన్ని పది ప్రశ్నలడిగింది, నేను రెండు ముక్కల్లో తేల్చేశాను. బెంగళూరులో తెలుగుతో బతికేయొచ్చు, ఆంధ్రా మెస్సులు వీధికొకటి. చెన్నైలో ఆరు నెలల్లో తమిళం వచ్చేస్తుంది, ఎండకి అలవాటు పడటానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఐఐటీ మద్రాస్ హాస్టళ్లకి నదుల పేర్లు, గోదావరి కూడా ఉంది, క్యాంపస్‌లో జింకలు తిరుగుతుంటాయి. ఐఐఎస్సీలో చెట్ల కింద సైకిలేసుకుని తిరగొచ్చు, మచిలీపట్నం నుంచి వచ్చే కొండవీడు ఎక్స్‌ప్రెస్ దిగేది పక్కనే యశ్వంత్‌పూర్‌లో. పిన్ని దానికి కాస్త మెత్తబడింది.

చివరికి మా వాడు నా మాట విని జూన్ మొదటి వారంలో రెండు ఊళ్లూ తిరిగాడు, మొత్తం ఐదు ల్యాబులు. అందరినీ ఆ డ్రాఫ్ట్ ప్రశ్నే అడిగాడట. ఒకచోట, ఎక్కడో అడక్కండి, సీనియర్ ఒకతను ఒకసారి తలుపు వైపు చూసి "బయటికెళ్లి మాట్లాడుకుందాం" అన్నాడు. బయటికెళ్లాక క్రికెట్ గురించి మాట్లాడాడు. బెంగళూరులో ఒక ల్యాబ్‌లో మాత్రం ఐదో ఏడాది అమ్మాయి నవ్వేసి, డెస్కు సొరుగు లాగి, ప్రతి పేజీలో ఎర్ర సిరాతో కొట్టివేతలున్న కట్ట ఒకటి తీసి చూపించిందట. పైన ఆమె ఇచ్చిన తేదీ, కింద మేడమ్ తిరిగిచ్చిన తేదీ. మధ్యలో తొమ్మిది రోజులు. వాడు ఆ పేజీ ఫొటో తీసుకోవచ్చా అని అడిగి, తీసి నాకు పంపాడు.

జూలై నెలాఖరుకి సామాను సర్దుకుని కొండవీడు ఎక్కాడు. బాబాయికి మాత్రం ర్యాంకు చూసే ఎంచుకున్నామని చెప్పాం.